మిరప కల్లంలో దిగిన దీపం

విరూపాక్షయ్యగారికి కూర్చుని జవాబు చెప్పే అలవాటు లేదు. శిష్యుడెవరైనా సందేహం అడగగానే కండువా దులిపి భుజాన వేసుకుని లేచేవారు. అడిగినవాడు వెంట నడవాల్సిందే. కొందరికి వంటింటి దాకా నడిస్తే జవాబు దొరికేది, కొందరికి పొరుగూరు దాకా పోయినా దొరికేది కాదు. మల్లినాథ్ అడిగిన ప్రశ్నకు మిరప కల్లం దాకా నడవాల్సి వచ్చింది.

మల్లినాథ్ అల్లాటప్పా శిష్యుడు కాడు. పట్నంలో పెళ్లిళ్లకూ ఫంక్షన్లకూ మండపాలు అలంకరించే పెద్ద వ్యాపారం అతనిది. గురువుగారి ఎనభయ్యో పుట్టినరోజు తన చేతుల మీదుగానే జరగాలని పట్టుబట్టి, పల్నాడులో కొండ కింద, పట్నానికి కాలువ ఇవతలే ఉన్న ఆ చిన్న ఆశ్రమానికి పూలూ, సన్నాయీ, సీరియల్ లైట్లూ అన్నీ తరలించాడు. ఆఖరి ముచ్చట మాత్రం గురువుగారికి చెప్పకుండా దాచాడు. మాఘమాసపు సాయంత్రం, చీకటి పడుతుండగా, ఆయన్ను చెయ్యి పట్టుకుని ఆరుబయటికి తీసుకొచ్చి సైగ చేశాడు. భక్తులంతా ఒక్కసారిగా కాగితపు దీపాలు వెలిగించి గాల్లోకి వదిలేశారు. చప్పట్లు మోగాయి, ఫోన్లు పైకి లేచాయి. దీపాలు పడమటి చేల మీదుగా తేలిపోతుంటే ఎంత అందంగా ఉందో అన్నారే గాని, అవి ఎక్కడికి పోతున్నాయని ఒక్కరూ అడగలేదు.

అడిగింది గురువుగారే. ఏటా కార్తీకంలో ధ్వజస్తంభానికి ఆకాశదీపం కట్టేది ఆయన. ఆ వయసులోనూ తాడు తనే లాగుతారు, చమురు అయిపోతే తనే దించుతారు. తల పైకెత్తి కాసేపు చూసి, "వీటి తాళ్లేవి?" అన్నారు. గురువుగారి చమత్కారమనుకుని అందరూ పగలబడి నవ్వారు. అందరికంటే ముందు నవ్వింది మల్లినాథే.

తెల్లారేసరికి గాలి తిరిగింది. పూజ మధ్యలో గుప్పున ఘాటు కొట్టింది. మంత్రం చదివేవాళ్లకు దగ్గు, వినేవాళ్లకు తుమ్ములు. తాలింపు మాడ్చాడని మల్లినాథ్ వంటింట్లోకి పోయి వంటమనిషిని చెడామడా తిట్టి వచ్చాడు. పాపం ఆయన అప్పటికి పొయ్యి కూడా వెలిగించలేదు. పాలు పోయడానికి వచ్చినతను అసలు సంగతి చెప్పాడు. నిన్న పొద్దుగూకాక పడమటి చేలల్లో మిరప కల్లం తగలబడిందట. ఆశ్రమం వాళ్లు వదిలిన దీపమేనని ఊరంతా అనుకుంటోందట.

మల్లినాథ్‌కు ఒళ్లు మండింది. "మనదేనని రుజువేముంది స్వామీ? నిన్ననే పక్కూళ్లో పెళ్లికి కూడా వదిలారట. అయినా ఒక్కటి అడుగుతాను. భక్తితో చేసిన పనికి దోషం అంటుతుందా?"

విరూపాక్షయ్యగారు కండువా భుజాన వేసుకున్నారు. "ఆ దీపాలు ఇంకా ఉన్నాయా?"

"పెట్టెలో కొన్ని మిగిలాయి స్వామీ."

"ఒకటి పట్టుకురా. అగ్గిపెట్టె కూడా."

కల్లం దగ్గర ఏదో శాంతి చేయిస్తారు కాబోలనుకున్నాడు మల్లినాథ్. పొలం గట్ల మీద పట్టుపంచె కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని గురువుగారి వెనకే నడిచాడు. కల్లం చేరాక ఆ కుచ్చిళ్ల సంగతి మరిచిపోయాడు.

ఎర్రగా నిగనిగలాడాల్సిన రాశి సగానికి పైగా నల్లటి ముద్దయి ఉంది. మంచుకు తడవకుండా కప్పిన పట్టా కరిగి కాయలకు అతుక్కుపోయింది. ఇంకా అక్కడక్కడా పొగ లేస్తోంది. పక్కన నులకమంచం మీద సౌరమ్మ కూర్చుని ఉంది. అది కౌలు చేను. నారు పోసిన నాటి నుంచి కోత దాకా ఆమే ఆమె మొగుడూ చేసిన రెక్కల కష్టమంతా ఆ రాశే. మండుతున్న పట్టాను ఒట్టి చేతులతో లాగేసరికి చేతులు కాలాయి, కాలిన చోట కారం అంటింది. మణికట్ల దాకా మజ్జిగ గిన్నెలో ముంచి కూర్చుంది. కళ్లు వాచిపోయి ఉన్నాయి.

"ఏం చూడొచ్చారయ్యా?" అంది వాళ్లను చూసి. "ఎవరో సామి పుట్టాడంట. ఆయన పుట్టిన పండక్కి మేం చావాల్నా?"

"ఆ పుట్టింది నేనేనమ్మా," అన్నారు విరూపాక్షయ్యగారు.

ఆమె తగ్గలేదు. ఎందుకు తగ్గాలి? "అయితే నువ్వే చెప్పు సామీ. దీపం పెట్టాలనుంటే గుళ్లో పెట్టుకోండి, మీ మిద్దెల మీద పెట్టుకోండి. పొయ్యి ముట్టించినా ఆరిందాకా పక్కనే కూసుంటామే మేము! మీరేంది, నిప్పు రాజేసి గాలికొదిలేసి, పోయి పడుకుంటారా? ఇదిగో, ఇంకోటి జొన్నచొప్పలో పడింది." నేల మీదున్న ఇనప తీగ చుట్టను కాలితో ముందుకు తోసింది. "గేదె మింగుంటే కడుపులో గుచ్చుకుని అదీ పోయేది."

అచ్చం అలాంటి తీగ చుట్టే మల్లినాథ్ చేతిలోని దీపానికీ ఉంది. దాన్ని చప్పున వీపు వెనక్కి పెట్టుకున్నాడు. "పెళ్లివాళ్లదేమో..." అని గొణిగాడు.

"ఎవరిదైతే ఏంది? కాలింది నాదేగా!"

"మేం మంచి మనసుతోనే చేశామమ్మా."

ఆ బొగ్గుల ముందు నిలబడి, ఆ చేతులు చూస్తూ, ఆ మాట అనడానికి అతనికి నోరెలా వచ్చిందో! మంచి మనసు ఉన్నవాడికి కళ్లతో పనిలేదని ఎవరు చెప్పారో! ఈ మాట విన్నప్పుడల్లా, ఇప్పటికీ, నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. గురువుగారు మాత్రం గొంతు పెంచలేదు.

"మల్లినాథా, వెలిగించు."

"ఏమిటి స్వామీ?"

"వెనక దాచినదాన్ని. మంచి మనసు ఇప్పుడూ ఉందిగా? దేవుణ్ణి తలుచుకుని ఇక్కణ్ణించే వదులు."

సౌరమ్మ మజ్జిగ ఓడుతున్న చేతులతో లేచి, మిగిలిన రాశికి అడ్డంగా పోయి నిలబడింది. "నీ కాయల మీదికి రాదులే తల్లీ," అన్నారు విరూపాక్షయ్యగారు. మల్లినాథ్ పుల్ల గీశాడు. గీసి, తల ఎత్తాడు. రాశి మీది బూడిద లేచి తూర్పుకు పోతోంది. తూర్పున కాలువ అవతల పట్నం, పట్నానికి ఈ కొసన అతని గోడౌన్. దాని ముందు పందిళ్ల తాటాకులు, ఆరబెట్టిన పరదాలు ఇక్కడికి కూడా కనిపిస్తున్నాయి. పుల్ల వేలిదాకా కాలింది. చురుక్కుమనగానే కింద పడేసి, ఆరిపోయాక కూడా దాన్ని చెప్పుతో రుద్దుతూనే ఉన్నాడు.

"గాలి అటే ఉంది స్వామీ," అన్నాడు. "గోడౌన్ నిండా గుడ్డలు, థర్మోకోల్. వాచ్‌మన్, పెళ్లాం బిడ్డలతో అందులోనే ఉంటాడు..."

విరూపాక్షయ్యగారు అతని చేతిలోంచి అగ్గిపెట్టె తీసుకున్నారు.

"నిన్న కూడా గాలి ఉంది, నాయనా."