గంపెడు తవుడు

రాజుగారి తోట వెనక రెండు చేపల కుంటలుండేవి. ఒకదాన్ని అధికారి వీరభద్రయ్య, రెండోదాన్ని జాలరి నూకాలు చూసుకునేవారు. ఇద్దరికీ ఒకే ఈడు చేపపిల్లలు, రోజుకు గంపెడు తవుడు. రెండు నెలలకి నూకాలు చేపలు అరచేతంత అయ్యాయి. అధికారివి వేలంతే ఉన్నాయి.

"ఇది దొంగతనంగా ఎక్కువ తవుడు వేస్తోంది ప్రభూ! వెళ్ళగొట్టండి" అన్నాడాయన రాజుతో.

నూకాలు బెదరలేదు. "అయితే కుంటలు మార్చుకుంటాం ప్రభూ. నా తవుడు అయ్యగారినే కొలిచివ్వమనండి."

రాజు సరేనన్నాడు. పెద్ద చేపలు దక్కాయని అధికారి మురిసిపోయాడు. మరో రెండు నెలలకి అవి ఉన్నంతే ఉన్నాయి. నూకాలుకిచ్చిన వేలంత పిల్లలు వాటిని మించిపోయాయి.

అధికారికి మతిపోయింది. "మంచి కుంట నేనే తీసుకున్నాను. తవుడూ నేనే కొలిచాను. మరి ఇదెలా జరిగింది?"

"అయ్యగారు కుంట మార్చారు గానీ పద్ధతి మార్చలేదు ప్రభూ" అంది నూకాలు. "గంపంతా పొద్దున్నే కుమ్మరిస్తారు. అంత చిన్న పొట్టలు ఒక్కసారి ఎంత తింటాయి? మిగిలింది బురదలో కుళ్ళిపోతుంది. నేను అదే గంప రోజుకి నాలుగుసార్లుగా వేస్తాను."

రాజు నవ్వి, అధికారిని ఆమె దగ్గర పని నేర్చుకోమన్నాడు.

మర్నాడు ఎండలో గంపతో నిలబడి, ఆయన అయోమయంగా అడిగాడు. "నూకాలమ్మగారూ, ఇది రెండోసారా, మూడోసారా?"