గున్నమ్మ సగంలో ఆపిన కథ

అనగనగా అంటే చాలదు, అంతకంటే ఎంతో ముందు. కొండకింద ఊళ్లో గున్నమ్మ అని ఓ కుమ్మరి ముసలమ్మ ఉండేది. ఏటా ఆషాఢం జాతరకి పొలిమేర తల్లి బొమ్మ చేసేది ఆవిడే. చేస్తూ చేస్తూ ఆ మట్టికి కథ చెప్పేది. నవ్వకండి! మట్టి ఊఁ కొట్టేది.

మొదటిరోజు పాదాలు చేస్తూ చెబితే, ఊఁ. రెండోరోజు నడుము చేస్తూ చెబితే, ఊఁ. మూడోరోజు మొహం చేస్తూ చెబితే, ఊఁ. కథ పూర్తయ్యాకే కళ్లు పెట్టాలి. అప్పుడు బొమ్మని బండెక్కించి సాగనంపితే, తల్లి తృప్తిపడి, ఊరి రోగాలన్నీ మూటగట్టుకుని పొలిమేర దాటిపోయేది.

ఆ ఏడు ఊరంతా అమ్మవారు పోసింది. గున్నమ్మ మనవరాలు నరసికీ ఒళ్లంతా పొక్కులే. మూడోరోజు గున్నమ్మ, అడవిలో తప్పిపోయిన పిల్లని తల్లి వెతుక్కునే కథ చెబుతోంది. ఇంతలో ఊరిపెద్ద నాయుడు వచ్చిపడ్డాడు.

"ఏటే గున్నమ్మా, ఇంకా అవనేదా? బండి కట్టేశాం."

"కథ అవనేదు నాయుడుబాబూ."

"పిల్లలు రాలిపోతుంటే కథేటే నీకు! కళ్లు పెట్టేయ్!"

లోపల నరసి మూలిగింది. గున్నమ్మ భయపడిపోయింది. గబగబా కళ్లు పెట్టేసింది.

బండి పొలిమేర దగ్గర ఆగిపోయింది. ఎడ్లు లాగితే కదల్లేదు. మగాళ్లు తోస్తే కదల్లేదు. ఊరంతా పట్టి లాగినా కదల్లేదు. అప్పుడు బొమ్మలోంచి మెల్లగా వినబడింది. "ఊఁ... ఆ తర్వాత?" వెనక ఊళ్లో ప్రతి ఇంటి కుండలోంచీ అదే మాట. "ఊఁ... ఆ తర్వాత?"

గున్నమ్మకి అర్థమైపోయింది. మిగతా కథ వినందే తల్లి కదలదు. తల్లి కదలందే నరసి బతకదు.

"పద తల్లీ, దారిలో చెబుతా" అని బండెక్కి కూర్చుంది. "నాయుడుబాబూ, ఎవరూ ఎనకాల రాకండి. నా నరసికి గంజి పట్టండి."

తోలేవాడు లేకుండానే ఎడ్లు కదిలాయి. గున్నమ్మ గొంతూ, దాని వెంట ఆ ఊఁ, అలా అలా దూరమైపోయాయి.

మూడోనాటికి నరసి లేచి కూర్చుని గంజి అడిగింది. ఎడ్లు తిరిగొచ్చాయి. గున్నమ్మ రాలేదు. తల్లికి ఆ ఒక్క కథతో ఆశ తీరలేదు, ఇంకా చెప్పించుకుంటూనే ఉందంటారు.

ఇప్పటికీ ఆషాఢంలో ఆ ఊరి ఆడవాళ్లు పొలిమేరలో కూర్చుని, ఎదురుగా ఎవరూ లేకపోయినా, ఓ కథ చివరిదాకా చెబుతారు. ఎవరికమ్మా అని అడగండి.

"గొంతెండిపోయుంటాది మా గున్నమ్మకి. ఈ కాసేపైనా నీళ్లు తాగుతాది" అంటారు.