బుట్ట మీది గుడ్డ

నలుగురి మధ్య కూర్చుంటే ఆశీర్వాదం అనే యువకుడికి ప్రార్థన రావడం లేదు. అతని చిక్కు అది.

ఇంకొకరికైతే ఇదేమంత పెద్ద చిక్కు కాదు. కళ్ళు మూసుకుని, పక్కవాళ్ళు ఆమెన్ అన్నప్పుడు తనూ ఆమెన్ అనేసి, ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు. ఆశీర్వాదం సంగతి వేరు. అతను గురువు కాబోతున్నవాడు. దైవవిద్య చదువుకుని వచ్చి, కృష్ణ ఒడ్డున పెదలంకపాలెంలో దైవాధీనం అయ్యగారి దగ్గర పని నేర్చుకుంటున్నాడు. నాట్లు అయిపోయాక బిషప్పుగారు వచ్చి అతని తల మీద చేతులుంచి అభిషేకం చేస్తారు. ఇక అక్కణ్ణుంచి బతికినంత కాలం జనాన్ని ఒకచోట కూర్చోబెట్టి ప్రార్థన చేయించడమే అతని పని.

శనివారం సాయంత్రం తెగించి అయ్యగారింటికి వెళ్ళాడు. అయ్యగారు అరుగు మీద కూర్చుని, ఊడిపోయిన చెప్పుకు మేకు కొట్టుకుంటున్నారు.

"నేను అభిషేకం తీసుకోలేనండీ అయ్యగారూ."

అయ్యగారు తలెత్తలేదు. "ఏమొచ్చింది?"

"గుడిలో నాకు ప్రార్థన కుదరడం లేదండీ. ఒకాయన దగ్గుతాడు. ఒకావిడ పిల్లాణ్ణి కసురుతుంది. యాకోబు తాత ప్రతివారం తన గేదె కోసమే ప్రార్థన చెయ్యమంటాడు. అందరూ కలిసి ప్రార్థన చెప్పేటప్పుడు చూశారా, పెదాలు కదులుతాయి గానీ లోపల ఏమీ ఉండదండీ. లోపల ఏమీ లేకుండా ఊరికే నోరు కదిపేవాళ్ళతో కలిసి నేనూ కదపడమంటే, అబద్ధం ఆడినట్టుగా ఉంటుందండీ."

అయ్యగారు ఇంకో దెబ్బ కొట్టి, చెప్పు తిప్పి చూసుకున్నారు.

"ఒక్కడివే ఉన్నప్పుడు వస్తోందా?"

ఆశీర్వాదం నీళ్ళు నమిలాడు. "కాలవ గట్టు మీద కూర్చుంటే బాగుంటుందండీ."

అది సగం నిజం. కాలవ గట్టు మీద గాలి బాగుంటుంది. ప్రార్థన మాత్రం అక్కడా రావడం లేదు. క్రిస్మస్ ముందు అతని అన్న ఆసుపత్రిలో పడితే, ఆశీర్వాదం ఒంటరిగా మోకాళ్ళ మీద పడి ఎంత అడగగలడో అంతా అడిగాడు. అన్న దక్కలేదు. అప్పట్నుంచి మోకాళ్ళయితే వంగుతున్నాయి, మాట పెగలడం లేదు. గురువు కావలసినవాడికి ప్రార్థన రాదంటే లోకం నవ్వదూ? ఆ భయంతో ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. తనలో ఉన్న వెలితిని తీసుకెళ్ళి దగ్గేవాడి మీదా, గేదె తాత మీదా పెట్టాడు. చదువుకున్నవాడు కదా, బాగానే పెట్టాడు.

"రేపు వాక్యం నేను చదువుకుంటాలే," అన్నారు అయ్యగారు. "నువ్వు గుమ్మం దగ్గర బియ్యం బుట్ట చూసుకో."

ఆశీర్వాదానికి తల కొట్టేసినట్టయింది. ఇంత మాట చెబితే బుట్ట కాపలానా? అయినా ఎదురు చెప్పే అలవాటు లేదు. సరేనండీ అని వచ్చేశాడు.

ఆ పాలెంలో ఒక ఆచారం ఉంది. ఆదివారం పొద్దున ఎసరు పెట్టేటప్పుడు, వండబోయే బియ్యంలోంచి ఇంటికొక పిడికెడు తీసి గుడికి పట్టుకొస్తారు. సంచీలో కాదు, గిన్నెలో కాదు, పిడికిట్లోనే. గుమ్మం పక్కన ఒక వెదురుబుట్ట ఉంటుంది, దాని మీద పాత తెల్లగుడ్డ కప్పి ఉంటుంది. వచ్చినవాళ్ళు గుడ్డ కిందికి చెయ్యి పోనిచ్చి, మళ్ళీ తీసుకుని, లోపలికి వెళ్ళి చాపల మీద కూర్చుంటారు. వారమంతా అయ్యగారింట్లో ఉడికే అన్నం ఆ బియ్యమే. మామూలుగా బుట్ట దగ్గర సంఘపెద్దగారి తల్లి కూర్చుంటుంది. ఆవిడకి చూపు ఆనదు. ఆశీర్వాదం ఎప్పుడూ ముందు వరసలో పుస్తకం పట్టుకుని నిలబడేవాడే గనక, గుమ్మం దగ్గర ఏం జరుగుతుందో ఎన్నడూ వెనక్కి తిరిగి చూసింది లేదు.

ఆదివారం గుడిలో మొదటి గంట కొట్టగానే అతను చేసిన మొదటి పని, గుడ్డ తీసెయ్యడం.

దానికి కారణాలు లేకపోలేదు. పోయినవారం అయ్యగారింట్లో అన్నం తింటుంటే పంటి కింద రాయి పడింది. పైగా దేవుడికిచ్చేదానికి దాపరికం ఎందుకని కూడా అనుకున్నాడు. గుడ్డను నాలుగు మడతలు పెట్టి బల్ల మీద పెట్టి, బుట్ట పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇవాళ మీరా చిన్నయ్యగారూ!" అంటూ ముందు ఎస్తేరమ్మ వచ్చింది. ఇంటి నిండా గాదెలున్న మనిషి. బుట్ట తెరిచి ఉండటం చూసి ఆవిడ మొహం వికసించింది. ఒక పిడికెడు పోసి, కొంగులోంచి ఇంకో పిడికెడు తీసి పోసింది. "సన్నబియ్యం చిన్నయ్యగారూ. చూడండి, ఒక్క నూక ఉంటే ఒట్టు!"

వెనకున్నావిడవి కోటా బియ్యం. ఆమె ఇటూ అటూ చూసి, గబుక్కున వదిలేసి, తల దించుకుని లోపలికి పోయింది. అందులో పురుగు కనబడితే ఆశీర్వాదం ఏరి పారేశాడు. పని శుభ్రంగా జరుగుతోందని అతనికి తృప్తిగానే ఉంది.

రెండో గంటకు రాహేలమ్మ వచ్చింది. పాలెం చివర ఒంటరిగా ఉండే మనిషి. నాట్లకీ కలుపులకీ పోతుంది. ఆ ఏడు కాలవకు ఇంకా నీళ్ళు వదల్లేదు, పనులు లేవు. ఉతికిన చీర కట్టుకుని, గుప్పిట బిగించుకుని మెట్లెక్కింది. ఎక్కి, బుట్ట వంక చూసి, నిలబడిపోయింది.

"రండి రాహేలమ్మగారూ," అన్నాడు ఆశీర్వాదం.

"అయ్యో, పొయ్యి ఆర్పడం మర్చిపోయాను చిన్నయ్యగారూ. ఇదిగో, ఇట్టే వస్తాను."

దిగి గబగబా వెళ్ళిపోయింది. సందు మొదట్లో మురుగుకాలవ మీద ఒక చెక్క వేసి ఉంటుంది. దాని మీద కాలు తడబడి, పడిపోకుండా పక్కనున్న దడి పట్టుకుంది. బిగించిన గుప్పిట విడింది.

అందులోంచి ఏమీ రాలలేదు. ఒక్క గింజ కూడా.

ఆశీర్వాదం చూశాడు. చూసి, బల్ల మీద నాలుగు మడతలు పెట్టిన గుడ్డ వంక చూశాడు. ఆ గుడ్డ కింద ఇన్నాళ్ళూ ఎన్ని చేతులు ఖాళీగా దూరాయో, ఎన్ని నిండి బయటికొచ్చాయో, ఆ క్షణాన అతనికి తెలిసొచ్చింది. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

అయ్యగారు తెల్ల అంగీ వేసుకుని లోపలి గదిలోంచి గుమ్మం దాకా వచ్చారు. కూర్చున్నవాళ్ళను ఒకసారి కలయజూశారు.

"రాహేలమ్మ ఏది?"

"వచ్చి వెనక్కి వెళ్ళిందండీ. పొయ్యి ఆర్పి వస్తానందండీ."

"పొయ్యా?" అన్నారు అయ్యగారు.

బుట్టను చూశారు. బల్లను చూశారు. తిడతారేమో అనుకున్నాడు ఆశీర్వాదం. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. అయ్యగారు గుడ్డ తీసి, మడతలు విప్పి, దులిపి, బుట్ట మీద కప్పారు. అంచులు సర్దారు.

"గంట కొట్టు."

"రెండో గంట అయిపోయిందండీ. అందరూ వచ్చేశారు."

"అందరూ రాలేదు."

ఆశీర్వాదం వెళ్ళి గంట తాడు లాగాడు. ఆ గుడికి మూడో గంట అన్నది లేదు. లోపల జనం మొహమొహాలు చూసుకున్నారు. ఒకాయన చేతి గడియారం చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఇంకా మొదలెట్టరేం?" అని ఎస్తేరమ్మ గొణిగింది. అయ్యగారు గుమ్మంలోనే నిలబడ్డారు. గంట ఆపమని అనలేదు. ఆశీర్వాదం ఆపకుండా లాగుతూనే ఉన్నాడు. చేతులు నొప్పెట్టాయి.

చివరికి సందు మలుపులో రాహేలమ్మ కనబడింది. పొలాల దాకా వినపడే గంట, తన కోసమేనని ఆమెకు అర్థమైందో లేదో. మెల్లగా మెట్లెక్కింది. బుట్ట మీద గుడ్డ ఉంది. గుప్పిట దాని కిందికి పోనిచ్చింది. అయ్యగారు ఆ సమయానికి అటు తిరిగి, గోడ మీద సున్నం ఎక్కడ పెచ్చులూడిందో చూసుకుంటున్నారు. ఆశీర్వాదం గంట తాడు వంక చూశాడు. రాహేలమ్మ చెయ్యి తీసి, కొంగు సర్దుకుని, ఆడవాళ్ళ వైపు చాప మీద ఒక చివర కూర్చుంది. పక్కావిడ కాస్త జరిగి చోటిచ్చింది.

గుమ్మం దగ్గర ఇద్దరే మిగిలారు.

"మరి నువ్వు?" అన్నారు అయ్యగారు.

"నేనేమీ తేలేదండీ."

అయ్యగారు కదల్లేదు. ఆశీర్వాదానికి ఇక దాచుకునే ఓపిక లేకపోయింది.

"నా దగ్గర ఏమీ లేదండీ అయ్యగారూ. కాలవ గట్టు మీద కూడా ఏమీ రావడం లేదు. అన్న పోయినప్పట్నుంచీ ఇంతే. నిన్న మీకు అబద్ధం చెప్పాను."

"తెలుసు," అన్నారు అయ్యగారు. "చెయ్యి పెట్టు. అందరూ మన కోసం కూర్చునున్నారు."

ఆశీర్వాదం ఖాళీ గుప్పిట మూసి గుడ్డ కిందికి పోనిచ్చాడు. మణికట్టు దాకా బియ్యం చల్లగా తగిలింది. సన్నవీ, దొడ్డువీ, నూకలూ, కోటావీ అన్నీ కలిసిపోయి ఉన్నాయి. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు.

ఆ చెయ్యి ఎలా బయటికొచ్చిందో అయ్యగారు చూడలేదు. అప్పటికే ఆయన లోపలికి నడుస్తున్నారు.