ఏతం మీద కొండ

వెనకటికో దొరగారు కొండ మీద కోట కట్టిస్తూ, కొండెక్కినవాళ్లకే మధ్యాహ్నం అన్నమని చాటించారండీ. కింద తోటలో ఏతం దూలం మీద అటూ ఇటూ నడుస్తూ నీళ్లు తోడే దాలయ్యకి ఆ పూట గంజి కూడా లేదు. దూలం దిగి, పల్లకీలో కొండకి పోతున్న దొరకి ఎదురెళ్లాడు.

"నాకూ అన్నం పెట్టించండి దొరా! పొద్దుట్నుంచీ ఎక్కుతూనే ఉన్నాను."

దొర పకపకా నవ్వాడు. "ఉన్నచోటే ఉన్నావు కదరా! ఎక్కిందంతా మళ్లీ దిగుతున్నావు."

"దిగేది నేను కాదు బాబయ్యా, దూలం. ఎటు నడిచినా నాకు ఎగువే. చివరికి చేరగానే అదే నన్ను కిందికి దించేస్తది. ఒక్కో బానకి నా నిలువెత్తు ఎక్కుతాను. తోటంతా తడిసింది, చూడండి. ఆ నిలువులన్నీ ఒకదాని మీదొకటి పేరిస్తే మీ కోట బురుజు నా కాళ్ల కింద ఉంటది."

"ఎంతెక్కితే ఏంరా, కొండ మీదికి రాలేదుగా?"

"తమరు ఎక్కకుండానే కొండ మీదికి పోతారు. నేను పోకుండానే ఎక్కుతాను. ఆకలి ఎవరికెక్కువో తమరే చెప్పండి."

బోయీలు నవ్వాపుకోలేక పల్లకీ ఊగిపోయింది. దొర మీసం కింద నవ్వుకుంటూ కిందికి దిగాడు.

"వీణ్ణి ఎక్కించి అన్నాల దగ్గరికి తీసుకెళ్లండ్రా. ఈ పూట నేను నడుస్తా, నాకూ కాస్త ఆకలేస్తుందేమో చూద్దాం!"