దండెం మీద తడి చీర

ఇందులో ఒక్క అక్షరం అబద్ధమున్నా రేపటినుంచి నా కాఫీలో చక్కెర పడకూడదు. అంతే. అక్కడే అరుగు మీద కూర్చుని బియ్యం ఏరుతూ కళ్ళారా చూసినదాన్ని.

నాగావళి ఒడ్డున పూర్ణబోధులవారి ఆశ్రమం ఉండేది. ఆయన ఎంత శాంతమూర్తి అంటే, దోమలు సైతం ఆయన్ను కుట్టడానికి సిగ్గుపడి పక్కవాడి మీదికి పోయేవి. ఆ పక్కవాడు దక్షిణామూర్తి. శిష్యుడు, మహాపండితుడు. నోరు తెరిచాడంటే నది అవతలి గట్టున కాకులు లేచిపోయేవి.

ఒక ఉదయం, వంటచేసే గవరమ్మ పోరు పడలేక, ఈ పండితుడు ఇనుప తీగతో కొత్త దండెం కట్టాడు. ఒక కొస జామచెట్టుకు చుట్టాడు. రెండో కొస, ఇంట్లోకి కరెంటు వైరు దిగే ఇనుప గొట్టానికి బిగించాడు. ఊళ్ళో అందరూ అక్కడే కడతారు, గట్టిగా ఉంటుందని. చేతులు దులుపుకొంటూ వచ్చి గురువుగారి ముందు కూర్చున్నాడు.

"స్వామీ, బిగిస్తుంటే సందేహం వచ్చింది. పందిరికి పాకితే తీగ. వీణ మీద పలికితే తీగ. మబ్బులో మెరిస్తే తీగ. కంచెకు చుట్టినా, దీపం వెలిగించినా తీగే. ఇన్ని అర్థాల్లో అసలు అర్థం ఏది?"

గురువుగారు పీట మీద కూర్చుని అటుకులు తింటున్నారు. ఇంకో పిడికెడు నోట్లో వేసుకున్నారు. శిష్యుడు ఊరుకుంటాడా, వ్యాకరణం విప్పాడు.

అంతలో గవరమ్మ వానకు నానిన నేల మీద వట్టికాళ్ళతో వచ్చింది. తడి చీర భుజాన వేసుకుని, దండేన్ని చేత్తో పట్టి కిందికి లాగింది.

పట్టిన చెయ్యి మళ్ళీ రాలేదు. మనిషి నిలువునా బిగుసుకుపోయింది. నోరు తెరుచుకుంది, కేక లేదు. గవరమ్మ నోట మాట రాకపోవడం సృష్టి మొదలయ్యాక అదే మొదటిసారి.

"అమ్మా!" అంటూ శిష్యుడు ఆమెను పట్టుకోబోయాడు. గురువుగారు కాలు అడ్డం పెట్టారు. పండితుడు బోర్లా పడ్డాడు. అక్కడితో ఆగారా? తాను కూర్చున్న పొడి చెక్కపీట రెండు చేతులా ఎత్తి, గవరమ్మ చేతి మీద ఒక్కటి కొట్టారు! చీమను కూడా పక్కకు జరగమని బతిమాలే మనిషి! నా చేటలో బియ్యం నేల పాలయ్యాయి. నది ఆగి చూసిందంటే నమ్మండి.

చెయ్యి తీగను వదిలింది. ఆమె వెల్లకిలా పడింది. గురువుగారు పక్కన చతికిలబడి ముక్కు దగ్గర వేలు పెట్టి చూశారు. మేమెవ్వరం ఊపిరి తీసుకోలేదు. చాలాసేపటికి గవరమ్మ దగ్గింది. కళ్ళు తెరిచి పీటను చూసింది.

"ఏటి సామీ! కూరలో ఉప్పెక్కువైతే నోటితో సెప్పాల గానీ, పీటెట్టి కొట్టేస్తారేటి!"

దక్షిణామూర్తి లేవలేక నేల మీదే ఉండిపోయాడు.

"స్వామీ... అది వట్టి దండెమే కదా. నేనే కట్టాను."

"దండెమని నీకు తెలుసు నాయనా. దానికెవరు చెప్పారు?"

శిష్యుడు ఏదో అనబోయాడు. ఆయన అననివ్వలేదు.

"లే. ముందు మెయిన్ ఆపి, లైన్‌మన్‌ను పిలుచుకు రా. వచ్చేటప్పుడు నడుస్తూ ఆలోచిద్దువుగాని. పోయేటప్పుడు మాత్రం పరిగెత్తు."