ముందు వాళ్లకు పోసిన కూజా

1953 మే 12, మంగళవారం. ఆదవానిలో పొద్దున్నుంచే వడగాలి. మధ్యాహ్నం కొండల మీద ఒక మబ్బు కనిపించింది గాని, మమ్మల్ని చూసి జడుసుకున్నట్టు అటునుంచి అటే పోయింది. ఆ ఏడు మామిడి పిందెలు కూడా చెట్టుమీదే వడిలాయి. అది వేరే సంగతి.

సూఫీ గురువు బురాన్ షా గారి అరుగు మీద శిష్యులు చేరారు. గురువుగారు పెద్దవారయ్యారు. తన తర్వాత గద్దె ఎవరిదో ఆ సాయంత్రం చెబుతారని వినికిడి. శిష్యుల్లో ఖలీల్‌కు అదే ఆరాటం. కాలేజీ చదువుకు తోడు అరబ్బీ, పారసీ కూడా వచ్చినవాడు మరి.

ఆ ఇంటి బావి ఎండిపోయింది. మస్తాన్ అనే శిష్యుడు ఏటి చెలమ నుంచి గాడిద మీద నీళ్లు తెచ్చి, ఆ పూటకు మిగిలిన ఆఖరి కూజా గురువుగారి పక్కన పెట్టాడు. ఎవరు పోస్తే వాళ్లు చివర తాగడం అక్కడి ఆచారం.

"హజ్రత్, పాటల్లో సాకీ అంటే మధువు పోసేవాడని అందరూ అనుకుంటారు. అసలు అర్థం దాహం తీర్చేవాడు, అంతే," అన్నాడు ఖలీల్.

గురువుగారు అందరికీ పోసి, అతనికీ ఒక గ్లాసు అందించారు.

"ఫ్రెంచివాళ్లు ద్రాక్షసారా పోసేవాణ్ణి సొమెలియే అంటారు. పూర్వం ఆ మాటకు బరువులు మోసే పశువుల్ని తోలేవాడని అర్థం," అన్నాడు ఖలీల్ గ్లాసు ఖాళీ చేసి.

"అయితే నేను ఫ్రెంచివాణ్ణా భాయ్? నా గాడిదక్కూడా చెప్పు, సంతోషిస్తుంది," అన్నాడు మస్తాన్.

అందరూ నవ్వారు. ఖలీల్‌కు పౌరుషం వచ్చింది. ఇంకా చెప్పాడు. గొంతెండినప్పుడల్లా గ్లాసు చాచాడు. చాచినప్పుడల్లా గురువుగారు పోశారు.

"మరి నిజమైన సాకీ ఎవరు హజ్రత్?" అని చివరికి అడిగాడు ఖలీల్.

గురువుగారు కూజా బోర్లించారు. చుక్క రాలలేదు.

ఖలీల్ అప్పుడు చూశాడు. గురువుగారి పెదవులు పగిలి తెల్లగా ఉన్నాయి.

"హజ్రత్... మీరు?"

"నువ్వు బాగానే చెప్పావు బేటా. రేపు కూజా నువ్వు పట్టు."

ఆ సాయంత్రం గద్దె మాట ఖలీల్ ఎత్తలేదు.

గురువుగారు ఆ వానాకాలంలోనే కన్నుమూశారు. గద్దె మేనల్లుడు ఖాదర్‌కు వెళ్లింది. శాలువా మస్తాన్‌కు. ఖలీల్‌కు ఏమీ రాలేదని ఊరంతా అన్నారు. మట్టికూజాను ఎవరు లెక్కలోకి తీసుకుంటారు?

"ఇన్నేళ్ల సేవకు నీకేం దక్కిందప్పా?" అని ఎవరైనా అరుగెక్కి దెప్పితే ఖలీల్ కూజా కళ్లకద్దుకుని, ముందు వాళ్లకు పోసేవాడు.