ఉంగరాలు లేని రాణి బొమ్మ

పూర్వం పాలవెల్లి సీమను విజయభూపాలుడనే రాజు ఏలేవాడు. మనిషి మంచివాడే, డాబు మాత్రం ఇంతా అంతా కాదు. ఓనాడు ఆస్థాన చిత్రకారుడు కామోజును పిలిచి, "రాణిగారు మా పసివాడికి నూనె రాస్తున్నట్టు బొమ్మ వెయ్యి. ఒంటినిండా నగలుండాలి. పది వేళ్ళకీ ఉంగరాలు మరిచిపోకు!" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళుగా ఏనుగులూ సింహాసనాలూ వేసిన చెయ్యి కామోజుది. అమ్మ బొమ్మ దగ్గర కుంచె కదిలితేనా! విసుగెత్తి ఊళ్ళోకి నడిచాడు. కుమ్మరివీధిలో సూరమ్మ ఇంటి గోడ నిండా ఆవిడ ఎర్రమట్టితో వేసిన బొమ్మలు. బిడ్డ తలలో పేలు చూసే అమ్మ. అన్నం ముద్ద పట్టుకుని పిల్లాడి వెంట పరిగెత్తే అమ్మ. చాపిన కాళ్ళమీద బిడ్డను పడుకోబెట్టుకుని నూనె రాసే అమ్మ. ఇన్నాళ్ళూ "గోడకి పట్టిన తెగులు" అని వెక్కిరించిపోయేవాడు. ఆవేళ నిలబడి చూశాడు. చూసినకొద్దీ సిగ్గేసింది. ఛీ, ఇన్నేళ్ళూ తను వేసింది నగల్నే, మనుషుల్ని కాదు!

ఇంటికెళ్ళి, చీర ఎగదోపుకుని ఉంగరాల్లేని చేతులతో నూనె రాసే రాణిని వేశాడు. రాజు మండిపడ్డాడు.

"ఇది రాణా, కూలిమనిషా? రేపటికల్లా నగలు వెయ్యి. లేదా, సీమ విడిచి పో!"

"చిత్తం ప్రభూ. చూడకుండా వేస్తే తప్పులొస్తాయి. రాణిగారు నగలన్నీ పెట్టుకుని ఒక్కసారి నూనె రాస్తే, చూసి వేసుకుంటాను."

రాజు సరేనన్నాడు. మర్నాడు రాణి నగలతో వచ్చి, కాళ్ళు చాపి కూర్చుంది. బిడ్డను కాళ్ళమీద వేసుకుందో లేదో, గబగబా ఉంగరాలన్నీ ఊడదీసి పక్కన పెట్టింది.

"అయ్యో, తీయకు! బొమ్మకి కావాలి!" అన్నాడు రాజు.

"ఊరుకోండి! పసివాడి ఒళ్ళు గీరుకుపోదూ? ఆరునెలలుగా రోజూ రాస్తున్నాను. ఒక్కపూట తొంగిచూశారా?"

దాసీలు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. రాజు ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక బొమ్మ వంక చూశాడు. అచ్చం అలాగే ఉంది.

"నీకెలా తెలిసిందోయ్?" అన్నాడు చిన్న గొంతుతో.

తన ఊహే అనేస్తే సరిపోయేది. అలా అనడానికి కామోజుకు మనసొప్పలేదు. "నా గొప్ప కాదు ప్రభూ. కుమ్మరి సూరమ్మ గోడ చూసి తెలుసుకున్నాను."

రాణి తలెత్తి కామోజు వంక చూసింది. "గోడ చూస్తేగానీ తెలియలేదా? మీ అమ్మ మీకు నూనె రాయలేదూ?"

కామోజు తల వాలిపోయింది. ఆరుగురు తమ్ముళ్ళకు అమ్మ నూనె రాస్తుంటే గిన్నె అందించింది తనే.

రాజు పకపకా నవ్వాడు. "నన్ను పట్టిద్దామని వచ్చి నువ్వూ దొరికిపోయావే! పదెకరాల మాగాణి నీకు. ఈ పట్టుశాలువా సూరమ్మకు. నువ్వే వెళ్ళి కప్పిరా!"

కామోజు శాలువా పట్టుకుని బయల్దేరాడు. కుమ్మరివీధి చేరేదాకా తల ఎత్తితే ఒట్టు.